సోమవారం నీళ్ళు

మూడో బల్ల కాలికీ గోడకీ మధ్య ఇరుక్కున్న సబ్బు ముక్కని సతార్ చాకు మొనతో పైకి లాగాడు. బొటనవేలి గోరంత ఉంది. ఆకుపచ్చది, శనివారం సాయంత్రాలు వచ్చే ట్యాక్సీ డ్రైవర్లు వాడే రకం. దాన్ని నడుముకి వేలాడుతున్న రేకు డబ్బాలో వేసి నాలుగో బల్ల దగ్గరికి జరిగాడు. మోకాలు నేలకి ఆనించి, చెంప దాదాపు తడి గచ్చుకి తగిలేంతగా వంగి చూశాడు. అక్కడ ఇంకోటి, తెల్లది.

వారం పొడుగునా అలా ఏరిన ముక్కల్ని సోమవారం పొద్దున్నే చిన్న గిన్నెలో కరిగించి, ఖాళీ చేపల డబ్బాల్లో పోస్తాడు. మధ్యాహ్నానికి గట్టిపడతాయి. తెలుపూ ఆకుపచ్చా గులాబీ చారలతో నాలుగైదు బిళ్ళలు తయారవుతాయి. ఆ వారం ఆ స్నానశాలకి వచ్చిన మగవాళ్ళంతా వాటిలో కలిసిపోయి ఉంటారు. కొత్త సబ్బు కన్నా దీనికే నురగ బాగా వస్తుందని సతార్ నమ్మకం. ఆ విషయంలో ఎవరితోనైనా పందెం కాయడానికి సిద్ధమే.

ఆరున్నర అయింది. బయట బిష్కెక్ మీద బొగ్గుపొగ కమ్ముకుని, వీధిదీపాలు పసుపుపచ్చ మచ్చల్లా ఉన్నాయి. ఆవిరిగదిలో రాళ్ళు వేడెక్కుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. సతార్ ఆవిట్లో ఒంటికి తట్టుకునే ఓక్ రెమ్మల కట్టల్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, బల్లలన్నిటి మీదా ఒక్కో చెంబు వేడినీళ్ళు పోసుకుంటూ వెళ్ళాడు. చల్లటి బల్ల మీద మనిషిని పడుకోబెట్టడం అతని దృష్టిలో అమర్యాద.

అతనికి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు, నీళ్ళలో నానీ నానీ అరచేతులు ముసలి బంగాళాదుంపల్లా ముడతలు పడ్డాయి. ఎడమ బొటనవేలు పక్కకి వంగి ఉంటుంది. అది కత్తెర వంచిన వేలు. నారిన్ కొండల మీద ప్రభుత్వ గొర్రెల క్షేత్రంలో పంతొమ్మిదేళ్ళు ఉన్ని కత్తిరించాడు. గొర్రెని ఎక్కడ పట్టుకుంటే అది భయపడకుండా ఉంటుందో ముందు తెలియాలి, కత్తెర సంగతి ఆ తర్వాత. ఆ క్షేత్రాన్ని రద్దు చేసి గొర్రెల్ని పంచిపెట్టాక, ఊరంతా ఒక్క చలికాలంలో వాటిని తినేసింది. సతార్ తన భార్య బూరుల్‌తో కలిసి నగరానికి దిగి వచ్చి ఈ స్నానశాలలో చేరాడు. ఆమె ఆడవాళ్ళ వైపు, అతను మగవాళ్ళ వైపు. మొదటి రోజు ఒక లావుపాటి గుమాస్తాని బల్ల మీద పడుకోబెట్టి మెడ వెనక చెయ్యి వేయగానే, ఈ పని తనకి ముందే వచ్చని అతనికి అర్థమైంది.

సోమవారం ఏర్పాటు బూరుల్‌ది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి జనాన్ని పంపేసి తొట్టి ఖాళీ చేసి కడుగుతారు. మిగిలిన వేడినీళ్ళన్నీ వెనకవైపు కాలవలోకి పోయేవి. చలికాలంలో ఆ కాలవ మీది ఇనపజల్లెడ చుట్టూ వీధిమనుషులు చేరి, పైకొచ్చే ఆవిరికి చేతులు చాచేవాళ్ళు. బూరుల్ ఒకరోజు బకెట్‌తో బయటికొచ్చి అది చూసింది. లోపలికొచ్చి, "మనం మురిక్కాలవకి స్నానం చేయిస్తున్నాం సతార్" అంది. ఆ తర్వాతి సోమవారం నుంచి రెండింటికీ నాలుగింటికీ మధ్య వెనక తలుపు తెరుచుకుంది. బూరుల్ పోయి ఆరేళ్ళయింది. తలుపు మాత్రం తెరుచుకుంటూనే ఉంది.

ఏడింటికి దామిరా వచ్చింది. టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునేది, యజమాని తరఫున అన్నీ చూసేది ఆమే. శాలువా విప్పకుండానే సతార్‌ని పిలిచింది.

"సతార్ అన్నా, నీకో మంచివార్త, ఓ చెడ్డవార్త. ఏది ముందు?"

"రెండూ ఒకటేలా ఉంది నీ మొహం చూస్తే."

"బొగ్గు మార్చి దాకా రాదు. యజమాని ఫోన్ చేశాడు. సోమవారం పన్నెండింటికే మంట ఆర్పెయ్యమన్నాడు, ఊరికే ఎవరికోసం కాలుస్తున్నారని తిట్టాడు. అది చెడ్డది." దామిరా శాలువా విప్పింది. "మంచిదేంటంటే, మామత్ హాజీగారు ఒక లారీ బొగ్గు ఇస్తానన్నారు. చలికాలం అంతటికీ, సోమవారాల కోసమే."

"దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి."

"ఆగు. అర్హులకే అన్నారు. తాగుబోతులు వద్దు, సోమరిపోతులు వద్దు. ఇవాళ తనే వచ్చి కూర్చుని చూస్తారట."

సతార్ రేకు డబ్బాని ఒకసారి కదిపాడు. ముక్కలు గలగలమన్నాయి.

"ఏం చూస్తారు? అందరూ ఒకేలా మురికిగా ఉంటారు."

"నాతో వాదించకు. లారీ నాది కాదు" అంది దామిరా.

మామత్ హాజీ పదింటికే వచ్చాడు, తన స్నానానికి. ఓష్ బజారులో బట్టల దుకాణం ఆయనది. పెళ్ళికూతుళ్ళ పట్టు దగ్గర్నుంచి శవానికి చుట్టే కఫన్ గుడ్డ దాకా అన్నీ అమ్ముతాడు. రెండు ఊళ్ళలో బావులు తవ్వించాడు. రంజాన్ నెలంతా మసీదు ముందు ఆయన పెట్టే గంజీ మాంసమూ తినని పేదవాడు ఆ పేటలో లేడు. తెల్లటి వెడల్పాటి వీపు, మీద తొమ్మిది పుట్టుమచ్చలు; ఆ వీపు సతార్‌కి సొంత గుమ్మంలా తెలుసు.

"ఇచ్చేవాడికీ బాధ్యత ఉంటుంది సతార్" అన్నాడు హాజీ, బల్లకి నుదురు ఆనించి. "ఎవడికి పడితే వాడికి ఇస్తే అది దానమా? పారబొయ్యడం."

"ఎడమ చెయ్యి ఎత్తండి."

"పోయినేడు ఒకడు వణుకుతున్నాడని నా ఒంటి మీది కోటు విప్పి ఇచ్చాను. కొత్తది. లోపల గొర్రెతోలు. సాయంత్రానికి ఆ కోటు బజారులో మిరపకాయలమ్మేవాడి ఒంటి మీద ఉంది. వీడేమో గోడ పక్కన సీసాతో పడున్నాడు. నవ్వాడు కూడా నన్ను చూసి."

"చలి తగ్గి ఉంటుంది."

"ఏమన్నావ్?"

"కొంచెం పక్కకి తిరగండి అన్నాను."

హాజీ తిరిగాడు. ఆయన కళ్ళలో కోపం లేదు. ఆ కోటు గురించి ఏడాదిగా ఆలోచిస్తున్న మనిషి బాధ ఉంది. సతార్‌కి అది కనిపించింది. అందుకే ఆ వారం ఆయన మడమల్ని ఇంకాస్త ఓపిగ్గా రుద్దాడు.

"నువ్వు వింటున్నావా అసలు?"

"వింటున్నాను హాజీగారూ. కళ్ళు మూసుకోండి, నీళ్ళు పోస్తున్నా."

రెండింటికి ముందువాకిలి గొళ్ళెం పడింది. హాజీ మళ్ళీ బట్టలు వేసుకుని, నక్కతోలు టోపీ పెట్టుకుని, బట్టలు మార్చుకునే గదిలో కుర్చీ వేయించుకుని టీ గిన్నెతో కూర్చున్నాడు. సతార్ వెనక తలుపు తీశాడు. అయిదుగురు చలిని తోడు తెచ్చుకుని లోపలికొచ్చారు.

ముందు ల్యోషా. ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపిన ముసలి రష్యన్, ఒక కాలు పొట్టి. హాజీ అతన్ని చూడగానే తల ఊపాడు. తర్వాత ఇల్లు కాలిపోయిన అన్నదమ్ములిద్దరు. వాళ్ళకీ సరే అన్నాడు. మాట రాని ఒకతను చేతులు జోడించాడు. అతన్నయితే హాజీ లేచి భుజం తట్టాడు. అందరి వెనకా తుర్దు. యాభై అయిదో అరవయ్యో ఉంటాయి. చెవులదాకా మూసే టోపీ, ఒకటి ఎర్రది ఒకటి బూడిదరంగుది చేతితొడుగులు, రెండు కోట్లు కలిపి కుట్టిన ఒక కోటు. వేడినీళ్ళ గొట్టాలు పోయే గోతిలో పడుకుంటాడు. అతని కన్నా ముందు వోడ్కా వాసన గదిలోకి వచ్చింది.

"నీ పేరు?"

"తుర్దు."

"ఏ ఊరు?"

"అత్‌బాషి వైపు."

"తాగావా?"

"తాగాను. రాత్రి చలి పడింది హాజీగారూ. మీ ఇంటివైపు కూడా పడే ఉంటుంది."

ల్యోషా నవ్వబోయి దగ్గాడు.

"నీకు ఎవరూ లేరా?" హాజీ గొంతు తగ్గించి అడిగాడు. "కిర్గిజ్‌వాడివి. అన్నదమ్ములో, మేనమామలో, ఎవరో ఒకరు ఉండకుండా ఎలా ఉంటారు?"

"ఉన్నారు. వాళ్ళకే నేను లేను."

"నీ ఏడుగురు తాతల పేర్లు చెప్పు."

అది కిర్గిజ్‌వాళ్ళలో చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పే మొదటి పాఠం. తండ్రి, తాత, ముత్తాత, అలా ఏడు మెట్లు. అవి చెప్పగలిగినవాడు ఇంకా పూర్తిగా పాడవలేదని హాజీ లెక్క. ఒక విధంగా ఆయన తుర్దుకి దారి చూపిస్తున్నాడు. సతార్‌కి అదీ తెలుస్తూనే ఉంది.

తుర్దు తన కోటు వైపు చూసుకున్నాడు. చిరిగిన జేబు అంచు పట్టుకుని సరిచేయబోయి వదిలేశాడు.

"చెప్పను."

"రావా?"

"వచ్చు. ఈ బట్టల్లో ఉండి వాళ్ళని పిలవను."

హాజీ గిన్నె కింద పెట్టాడు. "మర్యాదగా అడిగితే పొగరా? తాగినవాడికి పరువు కూడానా? ఇతనికి వద్దు." తర్వాత సతార్ వైపు తిరిగాడు. "నీ మనిషా ఏమన్నా?"

"కాదు హాజీగారూ. సోమవారాల పరిచయమే."

"అయితే పంపించెయ్."

తుర్దు అప్పటికే తలుపు వైపు తిరిగాడు. ఆ తిరగడంలో కోపం లేదు, ఆశ్చర్యం అసలే లేదు. బస్సు నిండిపోయిందంటే దిగేవాడిలా తిరిగాడు. సతార్ తడిచేతులు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. చిలక్కొయ్యకి ఉన్న తన సొంత తుండు తీసి, తెచ్చి తుర్దు భుజం మీద వేశాడు.

"మీ బొగ్గుకి మీరు చెప్పిందే న్యాయం హాజీగారూ, నేను అడ్డు రాను. దామిరా! ఇక్కడ పనిచేసేవాడికి వారానికొక స్నానం ఉందా, లేదా?"

దామిరా కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఉంది."

"ఈ వారం నాది ఈయన చేస్తాడు."

"మరి నువ్వు?"

"నేను పొద్దున్నుంచీ తడిసే ఉన్నాను కదా."

దామిరా పెదవులు బిగపట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నవ్వు ఆపుకోవడానికని సతార్‌కి తెలుసు. హాజీ కింద పెట్టిన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. లేచి వెళ్ళిపోలేదు. ఎవరి స్నానం వాళ్ళిష్టం.

వచ్చినవాళ్ళ బట్టలన్నీ సతార్ బాయిలర్ గదికి తీసుకెళ్ళి గొట్టాల మీద వేశాడు. ఆ వేడికి గంటలో పేలు చస్తాయి. తుర్దు కోటుని మూడో గొట్టం మీద వేస్తూ లోపల అస్తరు చూశాడు. నీలంపూల దుప్పటి కత్తిరించి పరిచారు. కుట్టు చిన్నచిన్నగా, ఒకే ఎడంతో ఉంది. తుర్దే కుట్టుకున్నాడో, ఎవరైనా కుట్టిచ్చారో. చలికాలానికి సూది పట్టిన చేతులు ఎవరివైనా గౌరవించదగినవే అనుకున్నాడు.

తుర్దుని ఆవిరిగదిలోకి రానివ్వలేదు. పెదవుల అంచుల నీలిరంగు సతార్‌కి నచ్చలేదు. బయటి గదిలోనే, గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టి ముందు కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాడు. కుడికాలి రెండు వేళ్ళ కొనలు నల్లబడి ఉన్నాయి. గడ్డకట్టిన కాలికి ఒక్కసారిగా వేడి తగిలితే మనిషి అరుస్తాడు. సతార్ పావుగంట సేపు కొద్దికొద్దిగా వేడినీళ్ళు కలుపుతూ కూర్చున్నాడు.

తర్వాత పడుకోబెట్టి, ముతక తొడుగు చేతికి వేసుకుని మొదలుపెట్టాడు. ఎముకల మీద చర్మం వదులుగా ఉంది. మురికి పొరలు నల్లటి నూలుపోగుల్లా చుట్టలుచుట్టుకుని రాలుతుంటే, కింద నుంచి లేతరంగు మనిషి బయటపడుతున్నాడు. ఎడమ భుజం మీదికి చెయ్యి పోగానే తుర్దు ఊపిరి బిగించాడు.

"విరిగిందా?"

"గుర్రం పడేసింది. ఇరవై ఏళ్ళయింది. కట్టినవాడు వంకరగా కట్టాడు."

సతార్ తొడుగు తీసేసి అక్కడ ఉత్త అరచేత్తో రుద్దాడు. చారల సబ్బు బిళ్ళ తుర్దు చేతికిచ్చాడు. తుర్దు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"ఇది ఏ కంపెనీది అన్నా?"

"నాది."

"బాగుంది."

"నాకు తెలుసు."

లేచి కూర్చున్నాక తలమీద నీళ్ళు పోయడానికి సతార్ చెంబు ముంచాడు. నడుముకి తుండు చుట్టుకుని, ఒళ్ళంతా ఎర్రబడి, నెరిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి కూర్చున్న తుర్దు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా అయ్యాడు.

"ఇప్పుడు పిలుస్తాను" అన్నాడు.

"ఎవర్ని?"

"కాలిక్" అన్నాడు తుర్దు. అది తండ్రి పేరు. సతార్ నీళ్ళు పోశాడు. "ఒమూర్." ఇంకో చెంబు. "సారిబాయ్. తెల్తాయ్." తుర్దు ఆగుతూ చెప్పాడు, ఒక్కొక్కరు లోపలికొచ్చి కూర్చునేదాకా ఎదురుచూస్తున్నట్టు. "అక్మత్. చోరో. ఇతిబాయ్."

ఏడు పేర్లకి ఏడు చెంబులు అయ్యాయి. అలా కావాలని చేసింది కాదు.

"వేడి సరిపోయిందా?"

"ఇంకొంచెం పొయ్యొచ్చు." తుర్దు కళ్ళు తుడుచుకున్నాడు. "మీవి చెప్పండి అన్నా."

సతార్ తన ఏడుగురినీ చెప్పాడు. తుర్దు వేళ్ళు మడుస్తూ విని, పెదవి విరిచాడు.

"ఎక్కడా కలవలేదు."

"ఎనిమిదో ఆయన దగ్గర కలుస్తామేమో."

"ఎనిమిదో ఆయన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్నా!"

"అదే కదా మన సౌకర్యం."

తుర్దు నవ్వాడు. పై వరసలో మూడే పళ్ళున్నాయి. గోడ అవతల హాజీ కుర్చీ కిర్రుమంది.

బట్టలు మార్చుకునే గదిలోని విశ్రాంతి బల్ల మీద దుప్పటి చుట్టి కూర్చోబెట్టి, టీ పోసి, సగం రొట్టె పెట్టాడు సతార్. తుర్దు రొట్టె తిన్నాడు, రాలిన ముక్కల్ని అరచేతిలోకి ఏరుకుని అవీ తిన్నాడు. టీ చల్లారనిద్దామన్నాడు.

"అయిదు నిమిషాలు పడుకోనా అన్నా? కోటు ఎలాగూ ఆరాలి."

ఆ బల్ల మీద ఎవర్నీ నిద్రపోనివ్వకూడదని నియమం ఉంది. గోడ మీద రాసి కూడా ఉంది. సతార్ ఆ రాతకి వీపు పెట్టి నిలబడి తుర్దు కాళ్ళ మీదికి ఇంకో దుప్పటి లాగాడు.

"పడుకో. నేను చూసుకుంటా."

మిగతా నలుగురికీ వేడి బట్టలు తెచ్చిచ్చాడు. చొక్కా తొడుక్కుంటూ ల్యోషా, "పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉన్నాను చూడండిరా" అని తన చుట్టూ తను తిరిగాడు. వాళ్ళని పంపించి, తొట్టి అడుగు బిరడా లాగి, సతార్ చీపురూ బ్లీచింగూ తీసుకుని గచ్చు కడగడం మొదలుపెట్టాడు. మూలల్నుంచి మధ్యకి, మధ్య నుంచి కాలవకి. నాలుగింటికి పది నిమిషాలుందనగా చేతులు కడుక్కుని తుర్దుని లేపడానికి వెళ్ళాడు.

టీ అలాగే ఉంది. పైన పలచని పొర కట్టింది. తుర్దు కుడిపక్కకి తిరిగి, ఎడమ భుజానికి బరువు తగలకుండా, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నాడు. సతార్ మెడ వెనక చెయ్యి వేశాడు. అక్కడ చెయ్యి వేస్తే ఏ ప్రాణి ఎలా ఉందో అతనికి తెలుస్తుంది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ మంచిది, తొందరపడలేదు. "గుండె. ఇవాళ ఇక్కడ కాకపోతే రేపు ఆ గోతిలో. ఆవిరిగదిలోకి తీసుకెళ్ళారా?"

"లేదమ్మా. గోరువెచ్చటి నీళ్ళే."

"మరింకేం. ఇంత శుభ్రంగా ఉన్నవాణ్ణి ఈ మధ్య చూళ్ళేదు" అని కాగితం రాసిచ్చింది.

ఆమె వెనకే పోలీసతను వచ్చాడు. చిన్నవాడు, మీసం సరిగా రాలేదు. గుర్తింపు కాగితాలు అడిగాడు; తుర్దు దగ్గర ఏవీ లేవు. అలాంటివాళ్ళని నగరం చివర, పేరుకి బదులు అంకె రాసిన కర్ర కింద పెడతారు. కఫన్ ఉండదు, స్నానం ఉండదు, ప్రార్థన ఉండదు. పోలీసతను అదేమీ పైకి చెప్పలేదు గానీ తన పుస్తకంలో ఆ పేజీ తెరిచాడు.

"సంబంధీకులెవరూ లేరుగా?"

"నేనున్నాను" అన్నాడు సతార్.

కుర్చీలోంచి హాజీ తల ఎత్తాడు. మధ్యాహ్నం ఇదే గదిలో, కాదు, సోమవారాల పరిచయమే అని ఆయనకే చెప్పాడు సతార్. ఇద్దరికీ అది గుర్తుంది.

"మీరేమవుతారు?"

"వరసకి అన్నని."

"ఏమిటి రుజువు? చాలామంది ఇలాగే అంటారు బాబాయ్, తర్వాత మాకు గొడవ."

సతార్ చేతులు పక్కలకి పెట్టి నిలబడ్డాడు. "ఇతను కాలిక్ కొడుకు తుర్దు. కాలిక్ ఒమూర్ కొడుకు. ఒమూర్ సారిబాయ్ కొడుకు. సారిబాయ్ తెల్తాయ్ కొడుకు." ఒక్కో పేరుకి ఇందాకటి చెంబు బరువు చేతికి తెలుస్తోంది, అందుకే తడుముకోలేదు. "తెల్తాయ్ అక్మత్ కొడుకు, అక్మత్ చోరో కొడుకు, చోరో ఇతిబాయ్ కొడుకు. అత్‌బాషి వాళ్ళం."

పోలీసతను తనకి తెలియకుండానే టోపీ తీశాడు. పరాయివాడి ఏడు తరాల్ని ఎవరూ కంఠతా పట్టరు.

"మీరిద్దరూ ఎవరి దగ్గర కలుస్తారు?"

"ఎనిమిదో ఆయన దగ్గర."

"ఆయన పేరు?"

సతార్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. పోలీసతను అతన్నీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, చివరికి హాజీ వైపు తిరిగాడు. ఆ పేటలో మామత్ హాజీ మాటంటే సంతకం లాంటిది.

"హాజీగారూ, మీరు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారట. ఈయన చెప్పింది నిజమేనా?"

హాజీ లేచాడు. బల్ల దగ్గరికి నడిచి తుర్దు మొహం చూశాడు. ఇందాక ఆ మొహాన్ని మురికీ వాసనా కప్పేశాయి. ఇప్పుడు అడ్డమేమీ లేదు. నుదురు వెడల్పుగా ఉంది, కనుబొమలు తెల్లగా ఉన్నాయి. చెంప మీద ఒక రొట్టెముక్క అంటుకుని ఉంటే హాజీ దాన్ని రెండువేళ్ళతో తీశాడు. కింద పడెయ్యడానికి మనసొప్పక గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"నీది ఏ ఊరు?" అని పోలీసతన్ని అడిగాడు.

"తలాస్ అండీ."

"తలాస్‌లో పెద్దవాళ్ళని ఎనిమిదో తాత పేరు అడుగుతారా?"

"లేదండీ..."

"నా ఎదురుగా ఎవరూ అబద్ధం చెప్పరు. రాసుకో."

అతను రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున మసీదు వెనకాల రేకుల షెడ్డులో కట్టెలపొయ్యి మీద నీళ్ళు కాగాయి. ల్యోషా కుంటుకుంటూ బకెట్లు మోశాడు. అది తన మతం కాదని ఎవరో అంటే, "బకెట్‌కి మతమేంట్రా" అని వాణ్ణే ఇంకో బకెట్‌కి పంపాడు. హాజీ తన దుకాణం నుంచి తెల్లగుడ్డ తెచ్చాడు. మామూలు రకం కాదు, మడత విప్పితే చల్లగా జారే రకం. చేతులు మోచేతుల దాకా మడుచుకుని లోపలికొచ్చాడు.

"కడిగే పుణ్యం నాకూ కొంచెం ఇవ్వు సతార్."

"నేను నిన్ననే కడిగాను హాజీగారూ. నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో అతను నోటితో చెప్పగలిగినప్పుడే."

హాజీ తల దించుకున్నాడు. సతార్ ఆ మాట దెబ్బ కొట్టడానికి అనలేదు, ఉన్నది చెప్పాడు. చెంబు నీళ్ళతో నింపి ఆయన చేతికిచ్చాడు.

"మీరు నీళ్ళు పొయ్యండి. ఎడమ భుజం మాత్రం నేను చూసుకుంటా. అక్కడ నొప్పి."

కడిగినవాళ్ళు చనిపోయినవాడి బట్టల్లో తలా ఒకటి తీసుకోవాలి. వద్దంటే పోయినవాడిని అవమానించినట్టు. ల్యోషాకి బూట్లు వచ్చాయి. మసీదు పెద్దాయన టోపీ తీసుకున్నాడు. హాజీ ముందుకి చేతితొడుగులు వచ్చాయి, ఎర్రదొకటి, బూడిదరంగుదొకటి. ఆయన వాటిని ఒకదాని మీదొకటి పెట్టి మడిచి, కోటు లోపలి జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు.

శ్మశానం నుంచి వచ్చాక దామిరా ఆయన్ని అడిగింది, లారీ మాట ఉందా పోయిందా అని.

"బుధవారం వస్తుంది" అన్నాడు హాజీ.

"మరి సోమవారం ఎవరెవర్ని రానివ్వమంటారు? బొగ్గు ఎవరికని చెప్పమంటారు?"

హాజీ కోటు మీంచే లోపలి జేబుని తడుముకున్నాడు.

"బాయిలర్‌కి" అన్నాడు.

సతార్ అప్పటికే లోపలికి వెళ్ళి బల్లల మీద వేడినీళ్ళు పోస్తున్నాడు. మంగళవారం జనం ఎక్కువ. ఓక్ రెమ్మలు నానాలి, నిన్నటి సబ్బు ముక్కలు ఏరాలి. మధ్యలో మంట చూడటానికి బాయిలర్ గదిలోకి వెళ్ళి ఆగాడు. దగ్గరివాడి వాటాగా తనకి రావలసింది, తను షెడ్డుకి తీసుకెళ్ళడం మరిచిపోయినది, అక్కడే ఉంది. మూడో గొట్టం మీద రెండు చేతులూ చాపుకుని వేలాడుతున్న ఆ కోటు నీలంపూల అస్తరు, ఎవరో ఇప్పుడే విప్పి వెళ్ళినంత వెచ్చగా ఉంది.